విదేశంలో ఉండేది కొన్ని వారాలేనా? ఆ టైములోనే ఇంగ్లిష్ తడుముకోకుండా మాట్లాడటం ఎలా

నెల రోజులో, ఆరు వారాలో ఇంగ్లిష్ మాట్లాడే దేశంలో ఉండబోయేవాళ్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. అక్కడికెళ్తే దానంతట అదే వచ్చేస్తుందని చాలామంది ధీమా. రాదు. ఏళ్ల తరబడి అక్కడే ఉంటూ నాలుగు అరిగిపోయిన వాక్యాలతో నెట్టుకొచ్చేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. వెళ్లడం ఒక్కటే సరిపోదు, వెళ్లే ముందు ఏం చేశారు, అక్కడ రోజులో ఎన్నిసార్లు నోరు తెరిచారు అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది.

చదివితే అర్థమవుతుంది, మెయిల్ రాయగలరు, సబ్‌టైటిల్స్ ఉంటే సినిమా చూడగలరు, కానీ ఎదుటి మనిషి ఏదైనా అడగగానే నోరు పెగలదు. అలాంటివాళ్ల కోసమే ఈ గైడ్. మరీ మొదటి నుంచి నేర్చుకోవాల్సినవాళ్లు ముందు ఇంటి దగ్గరే బేసిక్స్ పూర్తి చేసుకుని వెళ్లడం మేలు. వాటి కోసం అక్కడ రోజులు ఖర్చుపెట్టడం దండగ.

## 1. ముందు లక్ష్యం సరిచూసుకోండి

భాషా సామర్థ్యాన్ని ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుగా కొలిచే యూరోపియన్ పద్ధతి ఒకటుంది. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరడానికి సుమారు 200 గంటల చదువు పడుతుందని కేంబ్రిడ్జ్ ఇంగ్లిష్ పరీక్షలు నిర్వహించేవాళ్ల అంచనా. రోజుకు 3 గంటల చొప్పున వారానికి 5 రోజులు క్లాసుకు వెళ్లినా, 4 వారాలకు అయ్యేది 60 గంటలే. కాబట్టి నెల రోజుల్లో మెట్టు మారిపోతుందని చెప్పేవాళ్లను నమ్మకండి.

ధారాళంగా మాట్లాడటం వేరే సంగతి. మీకు ఇప్పటికే తెలిసిన మాటలు అడిగిన క్షణంలో నోటికి రావడమే అది. దానికి కొత్త వ్యాకరణం అక్కర్లేదు, పాత ఇంగ్లిషే నోట్లో బాగా నానాలి. ఒకే రకం సంభాషణను మళ్లీ మళ్లీ చేస్తే నాలుగు వారాల్లో తేడా కచ్చితంగా వినబడుతుంది. మిగతా గైడ్ అంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది, కాబట్టి "రోజుకు పది కొత్త పదాలు" లాంటివి ఇందులో వెతక్కండి.

"ఇంగ్లిష్ బాగా రావాలి" అనుకుంటే దాన్ని ఎలా కొలుస్తారు? ఇలా రాసుకోండి:

- ఫోన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోగలగాలి
- నా ఉద్యోగం గురించి రెండు నిమిషాలు ఆగకుండా చెప్పగలగాలి
- నలుగురు మాట్లాడుకుంటుంటే మధ్యలో ఒక మాట కలపగలగాలి

ఇలాంటివి మూడు చాలు. ఎనిమిది రాసుకున్నారంటే ఒక్కటీ అవదు.

## 2. బయల్దేరే ముందు నెల: సగం పని ఇక్కడే

### 2.1 ఇప్పుడు ఎలా మాట్లాడుతున్నారో రికార్డ్ చేయండి

ఫోన్ తీసి, "నిన్న నేనేం చేశాను", "నా పని ఏంటి" అనే రెండు టాపిక్‌ల మీద ఒక్కోదానికి రెండు నిమిషాలు మాట్లాడి రికార్డ్ చేయండి. ముందే రాసుకుని చదవకండి. తర్వాత వింటూ మూడు లెక్కలు వేయండి: మొత్తం ఎన్ని మాటలు వచ్చాయి, రెండు సెకన్లకు మించి ఎన్నిసార్లు ఆగారు, మొదలుపెట్టిన వాక్యాన్ని ఎన్నిసార్లు మధ్యలో వదిలేశారు.

సొంత గొంతు వినడానికి ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది. అయినా వినండి. చాలామంది "నాకు పదాలు తెలియవు" అనుకుంటారు గానీ, రికార్డింగ్ వింటే అసలు సమస్య వేరే కనబడుతుంది. వాక్యం సగంలో ఉండగా తప్పేమోనని వెనక్కి వెళ్లి సరిచేసుకోవడం, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవడం... ఆగుడు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

### 2.2 మీకు పడబోయే ప్రశ్నలు, వాటికి మీ జవాబులు

విదేశంలో కొత్తవాళ్లు మిమ్మల్ని అడిగే ప్రశ్నలు ఇరవైకి మించవు. ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్నాళ్లు ఉంటారు, ఏం చేస్తుంటారు, ఇక్కడ ఎలా ఉంది, వీకెండ్ ఏంటి ప్లాన్. ఇవి ఎలాగూ పడతాయని తెలిసీ ప్రిపేర్ కాకుండా వెళ్లడం ఎందుకు?

ఒక్కో ప్రశ్నకు మూడు సైజుల్లో జవాబు తయారు చేసుకోండి: ఒక వాక్యంలో, అర నిమిషంలో, రెండు నిమిషాల్లో. లిఫ్టులో అడిగినవాళ్లకు రెండు నిమిషాల జవాబు ఇస్తే ఇబ్బంది పడతారు, పక్కన కూర్చుని తీరిగ్గా అడిగినవాళ్లకు ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంటే మాట అక్కడితో తెగిపోతుంది. ప్రతి జవాబు చివర ఎదుటివాళ్లను అడగడానికి ఒక ప్రశ్న కూడా ఉండాలి. మనవాళ్లు చాలామంది అడిగినదానికి బుద్ధిగా జవాబు చెప్పి ఊరుకుంటారు, దాంతో సంభాషణ కాస్తా ఇంటర్వ్యూలా తయారవుతుంది.

ఇవి పొల్లుపోకుండా బట్టీ పట్టకండి. ముఖ్యమైన మాటలు నాలుగు కాగితం మీద రాసుకుని, చెప్పిన ప్రతిసారీ వాక్యం కొంచెం మార్చి చెప్పండి.

### 2.3 చెవిని వెళ్లబోయే చోటికి అలవాటు చేయండి

ఇంగ్లిష్ అంటే ఒకటే యాస కాదు. ఐర్లండ్, స్కాట్లండ్, ఆస్ట్రేలియా, అమెరికా... ఒకదానికొకటి పొంతన ఉండదు. మీరు వెళ్లబోయే ఊరి లోకల్ రేడియో ఆన్‌లైన్‌లో దొరికితే అదే వినండి. న్యూస్ చదివేవాళ్లు శుభ్రంగా, నింపాదిగా మాట్లాడతారు కాబట్టి న్యూస్ కంటే శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమాలు మేలు, మీకు ఎదురయ్యేది ఆ మాటే.

రోజుకు పావుగంట ఇలా చేయండి. ఒక నిమిషం ఆడియో తీసుకుని ముందు ఊరికే వినండి. రెండోసారి స్క్రిప్ట్ చూస్తూ వినండి. మూడోసారి మాట్లాడే మనిషి వెనకాలే, అరసెకను తేడాతో, అదే ఊపులో మీరూ పైకి అనండి. దీన్ని షాడోయింగ్ అంటారు. మాటలు స్పష్టంగా పలకడం మీద కంటే ఎక్కడ ఒత్తుతున్నారు, ఎక్కడ మింగేస్తున్నారు అన్నదాని మీద దృష్టి పెట్టండి.

### 2.4 బస, కోర్సు, వీసా

ఉండే చోటు చాలా తేడా చూపిస్తుంది. కుటుంబంతో ఉండే హోమ్‌స్టే అయితే రోజూ సాయంత్రం కనీసం ఒక గంట మాట గ్యారంటీ (బుక్ చేసేముందు ఆ ఇంట్లో మీ భాష మాట్లాడే ఇంకో అతిథి ఉన్నారేమో అడగండి, ఉంటే వేరే ఇల్లు చూసుకోండి). అది కుదరకపోతే వంటగది అందరూ కలిసి వాడుకునే షేర్డ్ ఇల్లు. సొంత ఫ్లాట్ సుఖంగా ఉంటుంది కానీ ఇంగ్లిష్‌కు దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

కోర్సులో చేరాలనుకుంటే వీసా రూల్స్ ముందే చూసుకోవాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ విజిటర్ వీసాల మీద సాధారణంగా 3 నెలల దాకా చదవొచ్చు. కెనడాలో 6 నెలల్లోపు పూర్తయ్యే కోర్సుకు మామూలుగా స్టడీ పర్మిట్ అక్కర్లేదు. బ్రిటన్‌లో గుర్తింపు పొందిన సంస్థలో 6 నెలల వరకు విజిటర్‌గానే చదవొచ్చు. అమెరికాలో మాత్రం గట్టిగా ఉంటారు, డిగ్రీ లెక్కలోకి వచ్చే (క్రెడిట్) చదువుకు, ఫుల్‌టైమ్ భాషా కోర్సుకు స్టూడెంట్ వీసా తీసుకోవాలి. ఈ రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్ చూసి తీరాలి.

క్లాసు పొద్దున పూట మాత్రమే పెట్టుకోండి. రోజంతా క్లాసులో కూర్చుంటే మీరు వినేది ఎక్కువగా మీలాగే నేర్చుకుంటున్నవాళ్ల ఇంగ్లిష్. దానికి విమానం ఎక్కక్కర్లేదు.

బయల్దేరే ముందు చెక్‌లిస్ట్

- మొదటి రికార్డింగ్, దాని మూడు లెక్కలు
- మూడు లక్ష్యాలు
- ఇరవై ప్రశ్నలు, మూడు సైజుల జవాబులు
- వెళ్లే ఊరి యాసలో ఆడియో, రోజుకు పావుగంట
- మొదటి వారంలోనే వెళ్లగల రెండు గ్రూపులు లేదా కార్యక్రమాల పేర్లు, టైములు
- జేబులో పట్టే చిన్న నోట్‌బుక్

## 3. మొదటి మూడు రోజులు

ప్రయాణ బడలిక ఉంటుంది, మాటలు అర్థం కావు, బుర్ర వేడెక్కిపోతుంది. ఈ మూడు రోజుల్లో మీరెంత బాగా మాట్లాడారో తూకం వేసుకోకండి.

చేయాల్సింది ఒక్కటే, చిన్న పనులన్నీ మనిషితో చేయించుకోవడం. షాపులో సెల్ఫ్ చెకౌట్ ఉన్నా క్యాషియర్ దగ్గరికే వెళ్లండి. మ్యాప్ చేతిలో ఉన్నా బస్టాప్ ఎక్కడో అడగండి. యాప్‌లో ఆర్డర్ పెట్టే వీలున్నా కౌంటర్ దగ్గర నిలబడి అడగండి. ఈ రోజుల్లో ఒక్క మాట మాట్లాడకుండా వారం గడిపేయొచ్చు, అంత సౌకర్యంగా చేసిపెట్టారు. ఆ సౌకర్యాన్ని మీరే వద్దనుకోవాలి.

కౌంటర్ దగ్గర జరిగేది కొంచెం దగ్గరగా చూద్దాం. అమెరికాలో కాఫీ ఆర్డర్ ఇచ్చారు. వెంటనే ఆ అమ్మాయి తల ఎత్తకుండా "ఫర్హియరర్టగో?" అంటుంది. మీకు తెలిసిన "ఫర్ హియర్ ఆర్ టు గో" అదే, ఇక్కడే తాగుతారా, తీసుకెళ్తారా అని. అయిదు మాటలూ ఒక్క ముద్దయిపోయాయి. కంగారులో "యెస్" అనేస్తారు. ఆమె మళ్లీ అడుగుతుంది, మీ వెనక క్యూ ఉంటుంది, టెన్షన్ మొదలు. అదే షాపుకు మర్నాడు అదే టైముకు వెళ్లండి. ప్రశ్న ఏదో తెలుసు కాబట్టి ఈసారి "టు గో, ప్లీజ్" వెంటనే వస్తుంది. మూడో రోజుకు ఆ ఇద్దరు ముగ్గురు ఉద్యోగుల్లో ఒకరు మిమ్మల్ని గుర్తుపట్టి ఇంకేదో అడుగుతారు, అసలు సంభాషణ అప్పుడు మొదలవుతుంది. రోజుకో కొత్త షాపుకు వెళ్తే ఈ మూడో రోజు ఎప్పటికీ రాదు.

అందుకే మొదటి మూడు రోజుల్లోనే మీ మూడు చోట్లు ఖాయం చేసుకోండి: ఒక కాఫీ షాపు, ఒక లైబ్రరీ లేదా జిమ్, ఒక వారపు గ్రూపు.

బ్రిటన్‌లో దిగినవాళ్లకు ఒక మాట. "యూ ఆల్రైట్?" అని ఎవరైనా అడిగితే మీ ఆరోగ్యం గురించి వాకబు చేస్తున్నారనుకోకండి. అది పలకరింపు. "యా, యూ?" అంటే సరిపోతుంది.

## 4. రోజువారీ పని

### 4.1 పొద్దున: ఒక కథ, మూడుసార్లు

భాషా బోధన మీద పనిచేసిన పాల్ నేషన్ ప్రచారంలోకి తెచ్చిన 4-3-2 అనే పద్ధతి ఉంది. ఒకే విషయాన్ని మొదట 4 నిమిషాల్లో ఒకరికి చెప్పాలి, తర్వాత అదే విషయాన్ని 3 నిమిషాల్లో ఇంకొకరికి, చివరగా 2 నిమిషాల్లో మరొకరికి. సంగతి ఒకటే కాబట్టి ఏం చెప్పాలన్న ఆలోచన తగ్గుతుంది, టైము తగ్గుతున్నకొద్దీ ఆగుళ్లు తగ్గి మాట వేగం పెరుగుతుంది.

ముగ్గురు మనుషులు ప్రతిరోజూ దొరకరు. పొద్దున గదిలో ఫోన్‌కు 4 నిమిషాలు చెప్పండి, క్లాసులోనో షేర్డ్ వంటగదిలోనో ఒకరికి 3 నిమిషాల్లో, సాయంత్రం ఇంకొకరికి 2 నిమిషాల్లో. నిన్న జరిగిన చిన్న సంఘటన ఏదైనా పనికొస్తుంది. బస్సు మిస్సవడం, దారి తప్పడం, పక్కింటివాళ్ల కుక్క. గొప్ప టాపిక్ అక్కర్లేదు, నిజానికి గొప్ప టాపిక్‌లే నోరు మూయిస్తాయి.

### 4.2 మధ్యాహ్నం: మీ చోట్లకు వెళ్లడం

రోజుకు కనీసం అయిదు సార్లు కొత్త మనిషితోనో, సగం తెలిసిన మనిషితోనో మీరుగా మాట మొదలుపెట్టండి. మీరుగా అన్నది ముఖ్యం. అడిగితే జవాబు చెప్పడం తేలిక, మొదలుపెట్టడమే కష్టం. చుట్టుపక్కల కనబడేదాని గురించి అడగండి: ఈ క్యూ దేనికి, ఈ బస్సు అటు వెళ్తుందా, మీరు చదువుతున్న పుస్తకం ఎలా ఉంది.

ఎదుటివాళ్లు చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా, పొడిగా ఒక్క మాటలో తేల్చేసినా వదిలేయండి. వాళ్లకు తీరిక లేదు, అంతే. దానికీ మీ ఇంగ్లిష్‌కూ సంబంధం లేదు.

### 4.3 రాత్రి: పది నిమిషాల నోట్‌బుక్

ఇందులో రెండే కాలమ్స్. ఎడమ వైపు "ఈ రోజు చెప్పాలనుకుని చెప్పలేకపోయింది" తెలుగులో రాయండి. కుడి వైపు దాన్ని ఇంగ్లిష్‌లో ఎలా అనొచ్చో, మీకు తెలిసిన సులువైన మాటలతో. డిక్షనరీ ఆఖరున. రోజుకు మూడు వాక్యాలు చాలు, వాటిని మర్నాడు ఎవరో ఒకరి మీద ప్రయోగించాలి. ప్రయోగించాక టిక్ పెట్టండి. టిక్ లేని వాక్యాలు పదికి చేరాయంటే కొత్తవి రాయడం ఆపి ముందు అవి ఖర్చు చేయండి.

విన్న వాక్యాలు కూడా రాసుకోండి, కానీ ఒంటరి పదాలు రాసుకోకండి. "అపాయింట్‌మెంట్" అని రాసుకుంటే ఏ ఉపయోగం? "కెన్ ఐ మూవ్ మై అపాయింట్‌మెంట్ టు థర్స్‌డే" అని మొత్తం రాసుకుంటే రోజు మార్చుకోవాల్సి వచ్చినప్పుడు అలాగే నోటికొస్తుంది.

## 5. మాట ఆగిపోయినప్పుడు, అర్థం కానప్పుడు

అర్థం కాకపోయినా నవ్వి తలూపేయడం అన్నిటికన్నా పెద్ద నష్టం. ఒకసారి తలూపితే ఎదుటివాళ్లు అర్థమైందనుకుని ఇంకా ముందుకెళ్లిపోతారు, ఇక మీరు అందుకోలేరు. దీనికి మందు కొన్ని రెడీమేడ్ వాక్యాలు.

ఆలోచించుకోవడానికి టైము కావాలంటే:

- "లెట్ మీ థింక్"
- "హౌ కెన్ ఐ పుట్ ఇట్"
- "ఇట్స్ ఎ బిట్ హార్డ్ టు ఎక్స్‌ప్లెయిన్, బట్..."

అర్థం కాకపోతే "సారీ?" అని ఊరుకోకండి. అలా అంటే వాళ్లు అదే మాటను అదే వేగంతో, కాస్త గట్టిగా అంటారు. ఎంత వరకు అర్థమైందో చెప్పి, అర్థం కానిదాన్నే అడగండి: "ఐ గాట్ ద ఫస్ట్ పార్ట్, బట్ వాట్ హ్యాపెన్స్ ఆన్ మండే?" ఇలా అడిగితే వాళ్లు మాట మార్చి, సులువు చేసి చెబుతారు. అంకెల దగ్గర మరీ జాగ్రత్త. థర్టీన్ అన్నప్పుడు సాధారణంగా ఒత్తు చివర పడుతుంది, థర్టీ అన్నప్పుడు మొదట. అనుమానం ఉంటే "వన్ త్రీ ఆర్ త్రీ జీరో?" అని అడిగేయండి, మొహమాటపడితే రైలు పోతుంది.

పదం గుర్తు రాకపోతే దాని పని చెప్పండి. స్క్రూడ్రైవర్ అన్న మాట తట్టకపోతే "ద థింగ్ యు యూజ్ టు టర్న్ ఎ స్క్రూ". ఎదుటివాళ్లే పదం అందిస్తారు, వెంటనే ఆ పదాన్ని మీ వాక్యంలో పెట్టి మళ్లీ అనండి. ఫోన్ తీసి ట్రాన్స్‌లేటర్ తెరిచారో, సంభాషణ అక్కడితో సరి.

## 6. మాట్లాడే మనుషులు ఎక్కడ దొరుకుతారు

కొన్ని వారాలే ఉంటారు కాబట్టి స్నేహాలు నెమ్మదిగా కుదురుతాయిలే అని కూర్చోవడానికి లేదు. వారం వారం అదే రోజు, అదే మనుషులతో జరిగే కార్యక్రమాలు వెతకండి.

పబ్లిక్ లైబ్రరీలు. చాలా ఊళ్లలో ఇంగ్లిష్ కాన్వర్సేషన్ గ్రూపులు ఉచితంగా నడుపుతారు. కొత్తవాళ్ల కోసమే కాబట్టి భయం ఉండదు. మొదటి వారానికి ఇది సరైన చోటు, తర్వాత మాత్రం ఇక్కడే ఆగిపోకండి.

టోస్ట్‌మాస్టర్స్. నలుగురి ముందు మాట్లాడటం ప్రాక్టీస్ చేసే క్లబ్బులివి, మీటింగులకు అతిథిగా వెళ్లొచ్చు. టేబుల్ టాపిక్స్ అనే భాగంలో అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. మీకు కావలసిన ప్రాక్టీస్ అదే. ఇష్టం లేకపోతే వద్దని చెప్పొచ్చు, ఎవరూ బలవంతపెట్టరు.

పార్క్‌రన్. బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లండ్ లాంటి చోట్ల శనివారం పొద్దున పార్కుల్లో జరిగే 5 కిలోమీటర్ల ఉచిత పరుగు. నడిచినా ఫరవాలేదు. పరిగెత్తడం ఇష్టం లేనివాళ్లు వాలంటీర్‌గా వెళ్లొచ్చు, చేతిలో ఒక పని ఉంటే మాట కలపడం తేలికవుతుంది, చివర్న అందరూ కాసేపు నిలబడి కబుర్లాడుకుంటారు.

వాలంటీరింగ్. మంచిదే, కానీ వీసా రూల్ చూసుకోండి. ఉదాహరణకు బ్రిటన్‌లో విజిటర్‌గా వెళ్లినవాళ్లు రిజిస్టరైన ఛారిటీ దగ్గర 30 రోజుల వరకే చేయొచ్చు.

ఏదో ఒక పని నేర్పే క్లాసు. కుండలు చేయడం, డ్యాన్స్, చెస్, ఏదైనా. నా లెక్కలో భాషా క్లాసు కంటే ఇదే మేలు. ఇక్కడ ఎవరూ మీ ఇంగ్లిష్ వైపు చూడరు, అందరి ధ్యాసా చేతిలో ఉన్న పని మీదే, మాట దానంతట అది దొర్లుతుంది. పైగా "ఇలా తిప్పాలి, అలా పట్టుకోవాలి" అనే సూచనలు అప్పటికప్పుడు చూస్తూ వింటారు కాబట్టి మాటలు చెవికి ఎక్కుతాయి.

భాష మార్చుకునే పార్ట్‌నర్ల సంగతి వేరు. సగం టైము మీ భాషకు పోతుంది. తక్కువ రోజులకు అంత లాభసాటి కాదు.

## 7. ఉచ్చారణ: ఎంత వరకు పట్టించుకోవాలి

యాస మార్చుకోవాలని చూడకండి. నెలలో మారదు, మారినట్టు నటిస్తే వినేవాళ్లకు ఇంకా కష్టం. ఎదుటివాళ్లకు అర్థం కాకుండా చేసేవి మాత్రం సరిచేసుకోవాలి. తెలుగువాళ్లకు పనికొచ్చేవి నాలుగు.

1. వేగం. మనం ఇంగ్లిష్‌ను అన్ని అక్షరాలకూ సమానంగా టైమిచ్చి గబగబా అనేస్తాం. ముఖ్యమైన మాటను సాగదీసి ఒత్తండి, వాక్యానికి వాక్యానికి మధ్య కాస్త ఆగండి. తడుముకోకుండా మాట్లాడటమంటే గుక్క తిప్పుకోకుండా మాట్లాడటం కాదు.

2. కెన్, కాన్ట్. ఇది చాలామందికి తెలియదు. అమెరికాలో "ఐ కెన్ కమ్" అన్నప్పుడు ఆ కెన్‌ను దాదాపు "క్న్" అని మింగేస్తారు, "ఐ క్యాన్ట్ కమ్" అన్నప్పుడు క్యాన్‌ను నిండుగా పలికి చివరి ట్‌ను మింగేస్తారు. మీరు వస్తానని చెప్పడానికి "ఐ క్యాన్ కమ్" అని క్యాన్‌ను ఒత్తి పలికితే వాళ్లకు రానన్నట్టు వినబడొచ్చు. వచ్చేటప్పుడు కమ్ మీద ఒత్తండి, రానప్పుడు క్యాన్ట్ మీద.

3. చివర ఉకారం. రోడ్డు, బుక్కు, టెస్టు అని తెలుగులో అలవాటు కదా, అది ఇంగ్లిష్ వాక్యంలోకీ వచ్చేస్తుంది. హల్లు దగ్గర టక్కున ఆగడం ప్రాక్టీస్ చేయండి.

4. వి, డబ్ల్యు. వి అంటే పై పళ్లు కింది పెదవికి తగలాలి. డబ్ల్యు అంటే పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, పళ్లు తగలకూడదు. అద్దం ముందు రెండు నిమిషాలు.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

మన భాషవాళ్లతోనే తిరగడం. అందరూ చేసేదే, ఒంటరితనం అలాంటిది. పూర్తిగా మానుకోమని ఎవరూ చెప్పరు. వారంలో ఒక సాయంత్రం వాళ్లకు కేటాయించి, మిగతా రోజులు ఖాళీ ఉంచుకోండి. ఇంటికి ఫోన్ కూడా రోజుకు ఒక టైముకు, ఒక అరగంట. పొద్దుట్నుంచీ చాటింగ్ చేస్తూ ఉంటే బుర్ర ఇంగ్లిష్‌లోకి మారనే మారదు.

తెలుగులో అనుకుని తర్వాత మార్చడం. అనుకునే వాక్యం పెద్దదైతే మార్చేలోపు టాపిక్ దాటిపోతుంది. చిన్న వాక్యాలు చేయండి. "అయినప్పటికీ", "ఎందుకంటే" కలిపి ఒక పొడుగు వాక్యం చెప్పేకంటే మూడు పొట్టి వాక్యాలు చెప్పండి, ఇంగ్లిష్‌వాళ్లు మాట్లాడేటప్పుడు చేసేదీ అదే.

ప్రతి తప్పునూ అక్కడికక్కడే సరిచేసుకోవడం. అర్థం మారిపోతేనే ఆగి సరిచేయండి. లేకపోతే ముందుకెళ్లిపోండి, రాత్రి నోట్‌బుక్ చూసుకోవచ్చు.

"నా తప్పులు సరిదిద్దండి" అని అందరినీ అడగడం. అందరికీ అది ఇబ్బంది. టీచర్‌నో హోమ్‌స్టే వాళ్లనో ఒకరిని ఎంచుకుని, ఒక్క తప్పు మాత్రమే చూడమనండి. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" లాంటి ఇంగ్‌లు ఎక్కువ వాడే అలవాటు ఉంటే ఈ వారం అది ఒక్కటే. పై వారం ఇంకొకటి.

ఎదుటివాళ్ల మాటలు రహస్యంగా రికార్డ్ చేయడం. ప్రాక్టీస్ కోసమైనా వద్దు. కొన్ని చోట్ల చట్టం ఒప్పుకోదు, తెలిస్తే మనుషులు దూరమైపోతారు. మీ గొంతు ఒక్కటే రికార్డ్ చేసుకోండి.

సంభాషణల్లో బొత్తిగా మాట కలపలేకపోవడం. నలుగురు మాట్లాడుకునేచోట పూర్తి వాక్యం తయారయ్యేదాకా ఆగితే వంతు రాదు. ముందు "రియల్లీ?", "సేమ్ హియర్", "వెన్ వాజ్ దట్?" లాంటి పొట్టి మాటలతో లోపలికి రండి. తల మీ వైపు తిరిగాక పెద్ద వాక్యం చెప్పొచ్చు.

## 9. మధ్యలో నీరసం వచ్చినప్పుడు

రెండో వారం చివర్లోనో మూడో వారంలోనో మొదట్లో కంటే అధ్వాన్నంగా మాట్లాడుతున్నట్టు అనిపించడం మామూలే. చెవి చురుకైంది కాబట్టి మీ తప్పులు మీకే వినబడుతున్నాయి, పైగా రోజంతా పరాయి భాష వినడం నిజంగానే అలసట. రోజులో ఒక గంట ఏ భాషా లేకుండా నడవండి, నిద్ర తగ్గనివ్వకండి. కొత్త చోట్లకు వెళ్లడం రెండు రోజులు ఆపి, మిమ్మల్ని గుర్తుపట్టే పాత చోట్లకే వెళ్లండి.

ఇక్కడే రెండో రికార్డింగ్ చేయండి, అవే రెండు టాపిక్‌లు. మాటల సంఖ్య పెద్దగా పెరగకపోయినా ఆగుళ్లు తగ్గి ఉంటాయి. తగ్గకపోతే నోట్‌బుక్‌లో టిక్‌లు లెక్కపెట్టండి. టిక్‌లు తక్కువగా ఉన్నాయంటే వింటున్నారు గానీ మాట్లాడటం లేదన్నమాట.

## 10. చివరి వారం, తిరిగొచ్చిన మొదటి నెల

చివరి వారంలో చాలామంది షాపింగ్‌లోనూ ఫొటోల్లోనూ పడిపోతారు. లక్ష్యాల కాగితం తీయండి. ఫోన్ కాల్ చేయడం అనే లక్ష్యం ఇంకా మిగిలిపోయి ఉంటుంది, దాన్ని అందరూ వాయిదా వేస్తారు, ఎందుకంటే ఫోన్‌లో ముఖం కనబడదు. మ్యూజియానికో లైబ్రరీకో ఫోన్ చేసి టైమింగ్స్ అడగండి. చేసే ముందు మొదటి వాక్యం, ఆఖరి వాక్యం రాసి పెట్టుకోండి, మధ్యది ఎలాగోలా నడుస్తుంది.

బయల్దేరే లోపు

- మూడో రికార్డింగ్, మూడు లెక్కలతో
- మళ్లీ మాట్లాడటానికి ఇష్టపడే ఇద్దరి కాంటాక్ట్, మొదటి వీడియో కాల్ తేదీ వాళ్ల ముందే ఖాయం చేసుకుని
- మీ మూడు చోట్ల వాళ్లకు వెళ్లొస్తానని చెప్పడం (ఇదీ ప్రాక్టీసే)
- లోకల్ రేడియో లింకు ఫోన్‌లో సేవ్

తిరిగొచ్చిన మొదటి రెండు వారాల్లో వాడకం ఒక్కసారిగా పడిపోతుంది, వచ్చిన చురుకుదనం జారిపోయేది అప్పుడే. రోజుకు పావుగంట షాడోయింగ్, ఒకసారి 4-3-2 ఫోన్‌కే చెప్పండి, వారానికి ఒక కాల్. కాల్‌కు ముందు మాట్లాడాల్సిన రెండు విషయాలు అనుకుని కూర్చోండి, లేకపోతే "హౌ ఆర్ యు, ఆల్ గుడ్" తోనే అయిపోతుంది. అవతలివాళ్లు రెండుసార్లు వరుసగా వాయిదా వేస్తే వాళ్లను తప్పుపట్టకుండా ఇంకొకరిని చూసుకోండి. ఎవరూ దొరక్కపోతే ఆన్‌లైన్‌లో జరిగే టోస్ట్‌మాస్టర్స్ మీటింగులకు ఇంటి నుంచే అతిథిగా చేరొచ్చు, టైము తేడా మాత్రం ముందే లెక్క చూసుకోండి.